తిరిగి రావడం తెలిసినవాడు



మన తీర గ్రామాల వారికి సముద్రం అన్నం పెట్టే తల్లి. ఒక్కొక్కసారి ఇంటి దీపం ఆర్పివేసేది కూడా అదే. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనను చూచిన పెద్దలు నేటికీ ఆ తేదీని మరువలేదు. మా చెల్లెలి భర్త కూడా పడవ తిరగబడి సముద్రంలోనే పోయాడు. అప్పటికి వాళ్ళ అబ్బాయికి ఆరేళ్ళు.

ఆ అబ్బాయి ఇప్పుడు సింగపూరులో ఓడలు బాగుచేసే చోట వెల్డింగు పని చేస్తున్నాడు. అక్కడ ఉండగానే, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రం అడుగుకు వెళ్ళే విద్య నేర్చుకున్నాడు. ఇక వెల్డింగు మానేసి, సముద్రపు అడుగును జనానికి చూపించే గైడుగా బ్రతుకుతానని తల్లికి ఫోను చేశాడు. ఆమెకు ఆ రోజు అన్నం సహించలేదు.

గత సంవత్సరం ఒక సమావేశం నిమిత్తము మేము ఇండోనేషియాలోని బాలి ద్వీపానికి వెళ్ళవలసి వచ్చింది. అది తెలిసి చెల్లెలు, "అన్నయ్యా, వాడు సెలవు పెట్టి అక్కడికే వస్తాడట. ఆ పని ఏమిటో నీ కళ్ళతో చూసి చెప్పు. నువ్వు వద్దంటే వాడు వింటాడు" అన్నది. ఆమె మాటను మనసులో పెట్టుకొని వెళ్ళాము.

బాలికి ఈశాన్యాన తులంబెన్ అనే చిన్న ఊరున్నది. తెల్లవారుతుండగా అక్కడకు చేరాము. ఒడ్డున ఇసుక లేదు. అగ్నిపర్వతం నుండి వచ్చిన నల్లని గుండ్రాళ్ళే. చెప్పులున్నా మాకు కాలు నిలువలేదు. ఆ రాళ్ళమీద ఊరి ఆడవారు తలపై గుడ్డ చుట్టకుదురు పెట్టుకొని బరువైన గాలి సిలిండర్లను చేయి పట్టకుండా మోసుకుపోతున్నారు. మన ఊళ్ళలో బావి నుండి బిందెలు తెచ్చే అక్కచెల్లెళ్ళే కళ్ళముందు మెదిలారు.

"ఈ ఊరికి ఇంత పని కల్పించింది ఒక పాడైపోయిన ఓడ, మామయ్యా" అన్నాడు అబ్బాయి.

ఆ ఓడ పేరు లిబర్టీ. 1918లో అమెరికాలో కట్టారు. పొడవు 120 మీటర్లకు పైనే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 జనవరి 11న, లాంబాక్ జలసంధి దగ్గర జపాను జలాంతర్గామి దానిని టార్పెడోతో కొట్టింది. ఒక అమెరికా యుద్ధనౌక, ఒక డచ్చి యుద్ధనౌక కలిసి దానిని సింగరాజా రేవుకు లాగుకొని పోదామని చూచాయి. కాని లోనికి నీరు ఎక్కువగా వచ్చేస్తున్నది. రేవు దాకా పట్టుదలకు పోతే నడిసముద్రంలోనే మునుగుతుందని గ్రహించి, దారి మళ్ళించి, దగ్గరలో ఉన్న తులంబెన్ ఒడ్డుకు ఎక్కించారు. అందువలన సరుకులు దించుకోవడానికి వీలు కలిగింది. తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఓడ ఒడ్డునే పడి ఉన్నది. 1963లో అగుంగ్ పర్వతం బ్రద్దలై ద్వీపంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ అదురుకు ఓడ జారి నీటిలో ప్రక్కకు ఒరిగిపోయింది. ఒడ్డుకు దాదాపు 30 మీటర్ల దూరంలోనే ఉన్నది. పై భాగం అయిదారు మీటర్ల లోతులో ఉంటే, అడుగు భాగం 30 మీటర్ల లోతు వరకు దిగింది. పడవ అక్కరలేకుండా ఒడ్డునుండే నడిచి దిగవచ్చు.

దిగేముందు అబ్బాయి మాకు కొన్ని సంగతులు చెప్పాడు. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని మనం అనుకుంటాము. మామూలుగా అది మనం పీల్చే గాలే. ఒత్తిడితో కుదించి నింపుతారు. ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి ఒత్తిడి పెరుగుతూ, 30 మీటర్ల వద్ద ఒడ్డున ఉన్నదానికి 4 రెట్లవుతుంది. ఒక్కొక్క ఊపిరికి గాలి కూడా 4 రెట్లు ఖర్చవుతుంది. గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే, సోడా సీసా మూత తీసినట్లు లోపల బుడగలు లేస్తాయి. అందుకే నెమ్మదిగా వస్తూ, 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఒంటరిగా దిగకూడదు. "200 ఉన్న ముల్లు 100కు వచ్చిందంటే, ముందు ఎంత అందమున్నా వెనుకకు తిరగాలి మామయ్యా" అన్నాడు.

అతడు, అతనితో పనిచేసే తమిళ కుర్రవాడు, ఆ ఊరి గైడు ముగ్గురూ దిగారు. మేము లైఫ్ జాకెట్టు, కళ్ళకు అద్దం, నోటిలో గొట్టం పెట్టుకొని పైన తేలుతూ చూచాము. యుద్ధంలో దెబ్బతిన్న ఇనుము మీద పగడాలు పూలతోటలా పెరిగి ఉన్నాయి. నుదుట బొడిపె ఉన్న పెద్ద చిలుక చేపలు పశువుల మందలా మెల్లగా సాగిపోయాయి.

వారు ఓడ అడుగుదాకా వెళ్ళవలసి ఉండగా, కొద్దిసేపటికే ముగ్గురూ పైకి రావడం చూచాము. మా గుండె ఝల్లుమన్నది. తీరా చూస్తే, తమిళ కుర్రవాడికి ఒక చెవి తెరుచుకోలేదు. ముక్కు మూసి ఊదినా సర్దుకోలేదు. బలవంతాన దిగితే కర్ణభేరి చినిగిపోతుందట.

"నువ్వు రా, మనిద్దరం వెళ్దాం" అని గైడు అన్నాడు. అబ్బాయి తల అడ్డంగా ఊపి, స్నేహితుణ్ణి ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టి, అతనికి నొప్పి తగ్గేదాకా ప్రక్కనే ఉన్నాడు. మరునాడు వారికి విమానం. దిగినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది నియమం. కనుక ఓడ అడుగు చూచే అవకాశం ఆ ఉదయంతో పోయింది. దానికోసం అతడు నెలలు తరబడి డబ్బు కూడబెట్టాడు. "ఓడ ఎక్కడికీ పోదులే మామయ్యా" అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నానికి ముందు ప్రక్కనే ఉన్న పగడపు తోట వద్ద, గైడుతో కలిసి తక్కువ లోతులో దిగాడు. పగడం రాయి కాదు, చిన్న చిన్న జీవుల కాపురం. వాటి ఒంటిలో ఉండే నాచు వాటికి ఆహారమూ రంగూ ఇస్తుంది. నీరు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి ఉంటే, ఆ నాచు పోయి పగడం తెల్లబారుతుంది. ప్రపంచమంతటా ఇలా జరుగుతున్నదని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో నాలుగవసారి ప్రకటించారు. బండలాంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. కాలి తాకిడికి ఒక్క క్షణంలో ఏళ్ళ పెరుగుదల విరిగిపోతుంది. అబ్బాయి చేతులు ఒంటికి దగ్గరగా ముడుచుకొని, దేనినీ తాకకుండా వెళ్ళడం పైనుండి చూచాము.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేశాము. "అమ్మా, సముద్రం మెత్తనిదని మేము చెప్పము. అది నీకు తెలియనిది కాదు. వాడు ధైర్యవంతుడని కూడా చెప్పము. ధైర్యం చాలామందికి ఉంటుంది. ఈ రోజు వాడు ఆశపడిన దానిని విడిచి, స్నేహితుని కోసం సగంలో వెనుకకు తిరిగాడు. వాడికి తిరిగి రావడం తెలుసు. మేము చూచినది ఇదే" అన్నాము.

తల్లిదండ్రులారా, మన పిల్లలు మనకు తెలియని పనులకు, తెలియని చోట్లకు వెళ్తున్నారు. వద్దనే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. ఎంత దూరం పోగలరన్నదే కాదు, ఎక్కడ ఆగుతారో కూడా గమనించండి.

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నీళ్ళలో దిగిన రోజున, పైకి వచ్చాక నాకు ఫోను చేయమని చెప్పన్నయ్యా" అన్నది.