పాటను చెడగొట్టే ప్రకంపనలు

అటకలెక్కిన గ్రామఫోను రికార్డులు కొన్ని ఇళ్లలో మళ్లీ కిందకు దిగుతున్నాయి. తాతల నాటి నాటక పద్యాలు, హరికథలు, సినిమా పాటలు వినాలన్న కోరికతో కొత్తగా ప్లేయరు కొంటున్నవారూ ఉన్నారు. తీరా రికార్డు పెట్టాక గుమ్మని మోత వస్తోందని, ముల్లు గంతులు వేస్తోందని నిరాశ చెందుతారు. రికార్డు అరిగిందనో, యంత్రం నాసిరకమనో భావిస్తారు. తరచుగా దోషం ప్లేయరును ఉంచిన బల్లది.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఎల్పీ రికార్డులో గాడి వెడల్పు సుమారు 0.05 మిల్లీమీటర్లు. మంద్రంగా సాగే స్వరాల వద్ద ముల్లు కదిలే దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కదలిక విద్యుత్తుగా మారి, యాంప్లిఫయరులో అనేక రెట్లు పెరిగి స్పీకరును చేరుతుంది. తాను గాడి వల్ల కదిలిందా, బల్ల అదరడం వల్ల కదిలిందా అన్న విచక్షణ ముల్లుకు లేదు. రెండింటినీ పాటగానే పంపుతుంది.

స్పీకర్లు కూడా అదే బల్లపై ఉంటే ఇబ్బంది రెట్టింపవుతుంది. స్పీకరు ధ్వని బల్లను, బల్ల ముల్లును కదిలిస్తాయి. ఆ కదలిక మళ్లీ స్పీకరుకే చేరుతుంది. పెళ్లి పందిట్లో మైకు కీచుమనడానికి కారణమైన చక్రమే ఇది. కాకపోతే ఇక్కడ కీచుదనానికి బదులు బొంగురు మోత వినిపిస్తుంది.

పరీక్షించడం సులభం. రికార్డును తిప్పకుండా నిలిపి, దానిపై ముల్లు దించాలి. ధ్వనిని బాగా తగ్గించి, బల్లను వేలితో మెల్లగా తట్టాలి. ఆ తట్టు స్పీకరులో ఎంత స్పష్టంగా వినిపిస్తే పాటలో అంత కల్తీ ఉన్నట్లు.

మొదట స్పీకర్లను వేరే ఆధారంపైకి మార్చాలి. ఖర్చులేని ఈ ఒక్క పనితోనే చాలావరకు తేడా తెలుస్తుంది. ఆపై ప్లేయరు కింద బరువైన పలక, ఆ పలక కింద మెత్తని పొర అమర్చాలి. 45 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం గల కడప బండ సుమారు 12 కిలోలు తూగుతుంది. కొద్దిగా గాలి నింపిన చిన్న సైకిలు ట్యూబుపై దానిని ఉంచి, రసమట్టంతో సరిచూసుకుంటే చాలు.

బరువు, మెత్తదనం రెండూ ఎందుకంటే, మెత్తని ఆధారంపై ఉన్న ప్రతి బరువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. దానికి సుమారు 1.4 రెట్లు దాటిన ప్రకంపనలే తగ్గుతాయి. దానికి దగ్గరగా ఉన్నవి తగ్గకపోగా అనునాదం వల్ల పెరుగుతాయి. ముల్లును మోసే చేతికి సైతం సాధారణంగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఇలాంటి అనునాదం ఉంటుంది. కనుక ఆధారం పౌనఃపున్యం అంతకంటే బాగా తక్కువగా ఉండాలి. తేలికైన ప్లేయరు కింద గట్టి స్పాంజి ముక్కలు పెట్టి ఫలితం లేదనేవారు చేసే పొరపాటు ఇదే. ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ రూపకర్త 1961లో పళ్లేన్ని, ముల్లు చేతిని ఒకే దృఢమైన చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగులపై తేల్చారు. తర్వాతి కాలంలో ఎన్నో సంస్థలు ఆ పద్ధతిని అనుసరించాయి.

చెక్క దూలాల మేడలో మాత్రం నడకకు నేలే ఊగుతుంది. స్ప్రింగులు ఆ ఊపును పెంచవచ్చు. అక్కడ గోడకు బిగించిన బండే మేలు.

స్పీకరు పెట్టెనూ కదలనీయరాదు. పనస కొయ్యతో చెక్కిన బొబ్బిలి వీణకు కుండ కంపించడమే ప్రాణం. స్పీకరు పెట్టె కంపిస్తే వీణ నాదానికి చెక్క నాదం తోడవుతుంది. అద్దాల షోకేసుపై స్పీకరు పెట్టడం అన్నిటికంటే చెడ్డది.

ఇక యాంప్లిఫయరు, సీడీ ప్లేయరు కింద పెట్టేందుకు అమ్మే ఖరీదైన లోహపు కాళ్లకు డబ్బు పోయనక్కరలేదు. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరుపై ఈ అదురు ప్రభావం దాదాపు శూన్యం. సీడీలో చిన్న పొరపాట్లను యంత్రమే సరిదిద్దుకుంటుంది. తట్టితే మోగే పాత వాల్వుల రేడియోల సంగతి వేరు.

ముల్లు గంతులు ఆపేందుకు దాని తలపై రూపాయి బిళ్ల పెట్టే అలవాటు కొందరికి ఉంది. రెండు గ్రాముల భారంతో నడవాల్సిన ముల్లుపై దాదాపు నాలుగు గ్రాముల నాణెం చేరితే గాడిపై ఒత్తిడి మూడింతలవుతుంది. అలా అరిగిన గాడిని పూడ్చే మార్గం లేదు. మళ్లీ అచ్చుకాని హరికథ రికార్డు ఇంట్లో ఉన్నవారు ముందుగా ఆ నాణేన్ని తీసివేయాలి.