ఆకలేస్తే... తార్నాక!

హైదరాబాద్‌లో ఎక్కడ తినాలీ అని అడిగితే జవాబులు తడుముకోనక్కర్లేదు. హలీమ్‌కి పాతబస్తీ, బిర్యానీకి సికింద్రాబాద్, ఇరానీ చాయ్‌కి చార్మినార్... తార్నాక పేరు మాత్రం ఎవరి నోటా రాదు. కానీ 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉంది. తెలంగాణ పల్లెల నుంచి పుస్తకాల సంచీతో దిగిన తరతరాల కుర్రకారు ఆకలి తీర్చింది ఈ చుట్టుపక్కల వీధులే. ఇక్కడ రుచి కన్నా ముందు చూసుకునేది జేబు. రుచి దాని వెనకాలే వస్తుంది.

'తార్' అంటే తీగ, 'నాకా' అంటే చౌకీ. ఒకప్పటి తోటల చుట్టూ ఉన్న తీగకంచె, దాని దగ్గరి చౌకీ వల్లే తార్నాక అనే పేరొచ్చిందని చెబుతారు. పక్కనున్న సీతాఫల్‌మండి పేరులో అయితే పండే ఉంది. తిండి పేరున్న పేటలు నగరంలో ఎన్నుంటాయి చెప్పండి!

తెల్లవారుజామున క్యాంపస్ రోడ్లన్నీ నడకవాళ్లవే. వాళ్లకోసం రాగిజావ, మొలకెత్తిన పెసలు, కాకరకాయ రసం గేట్ల దగ్గర సిద్ధం. పొద్దెక్కేసరికి జావ స్థానంలో ఇడ్లీ బండ్లు వస్తాయి. ప్లేటు మీద పరిచిన కాగితం, నాలుగిడ్లీలు, మీద గరిటెడు పల్లీచట్నీ. 'భయ్యా, చట్నీ' అంటే మళ్లీ వేస్తారు. చట్నీ రెండోసారి వేయడానికి మొహం చిట్లించే బండి విద్యార్థుల పేటలో ఎక్కువ రోజులు నిలవదు.

అసలు సంగతి మధ్యాహ్నం మొదలవుతుంది. హాస్టల్లో సీటు దొరకనివాళ్లు, చదువైపోయినా గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతూ ఉండిపోయినవాళ్లు మాణికేశ్వర్ నగర్‌లోనో విద్యానగర్‌లోనో ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకుంటారు. గదిలో ఉండేది ఒక కరెంటు కుక్కరు, ఇంటి నుంచి తెచ్చిన బియ్యం సంచీ, అమ్మ పెట్టిచ్చిన పచ్చడి సీసా. కూర వండే ఓపిక, తీరిక ఉండవు. వాళ్లను ఆదుకునేది కర్రీపాయింటే. అల్యూమినియం గిన్నెల్లో వరసగా పప్పు, వంకాయ, దొండకాయ వేపుడు, సాంబారు, గుడ్డు పులుసు. ఒక పప్పు ప్యాకెట్టు, ఒక వేపుడు తీసుకుంటే ముగ్గురికి ఒక పూట గడుస్తుంది. గుడ్డు పులుసు రోజూ కాదు, ఇంటి నుంచి డబ్బులొచ్చిన వారంలో. నెలాఖరుకి వేపుడు పోయి పప్పొక్కటే మిగులుతుంది. అప్పుడు పచ్చడి సీసాకి పని పడుతుంది.

చిత్రమేమిటంటే, పళ్లెంలో ఏముండాలో దేశానికంతటికీ లెక్కగట్టి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ కూడా ఇక్కడే, క్యాంపస్‌ను ఆనుకునే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్ చేరింది. యూనివర్సిటీకీ దానికీ పుట్టిన ఏడాది ఒకటే! ఆ సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకి రెండువేల కేలరీల భోజనంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలి. పప్పుకి బదులు గుడ్డో మాంసమో తీసుకోవచ్చు.

ఇప్పుడు రెండో లెక్క. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలవారీ మెస్ ఛార్జీని తెలంగాణ ప్రభుత్వం 2024లో 1500 రూపాయల నుంచి 2100కి పెంచింది. అంటే రోజుకి డెబ్బై. పొద్దున టిఫిను, రెండుపూటలా భోజనం అందులోనే. పాలూ కూరగాయలూ కొన్నాక ఆ డెబ్బైలో ఏం మిగులుతుందో బజారుకెళ్లే ఇల్లాలికి ఒకరు చెప్పాలా? అన్నం గుట్టగా, కూర గరిటెడుగా ఉండటానికి కారణం వంటవాడి పిసినారితనం కాదు.

అందుకే క్యాంపస్‌లో మెస్ అంటే వట్టి భోజనశాల కాదు. 2009 డిసెంబరులో తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా గుండెకాయ అయింది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వడ్డించుకునే 'వంటావార్పు' ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. 2012 ఏప్రిల్‌లో కొందరు విద్యార్థులు ఏం తినాలన్నది మా ఇష్టమంటూ పెద్దకూర పండుగ జరిపితే, మరికొందరు వ్యతిరేకించారు. ఘర్షణలో రక్తం చిందింది. 2024 ఏప్రిల్ చివర్లో నీళ్ల కొరత, వేసవికి హాస్టళ్లూ మెస్సులూ మూసే సంగతి రాష్ట్ర రాజకీయాల్నే వేడెక్కించింది. సెలవులకి ఊరెళ్లేవాడికి మెస్ మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. పరీక్ష ముందుండగా ఊరెళ్లలేనివాడి సంగతి వేరు. వాడికి ప్రతి పూటా జేబులోంచే పోవాలి. నగరంలో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం వరసలో పుస్తకం పట్టుకున్న కుర్రాళ్లు కనబడేది ఇందుకే.

సాయంత్రమైతే చాయ్. ఇక్కడి లెక్క 'వన్ బై టూ'. ఒక చాయ్, రెండు కప్పులు, గంటసేపు కబుర్లు. నంజుకోవడానికి తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్. దానికీ యూనివర్సిటీకీ పేరు ఒక్క నిజాందే, మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవని పోషకాహార సంస్థ హెచ్చరిస్తుంది. కానీ చాయ్‌తోనే ఆకలిని వాయిదా వేసేవాడికి ఏ గంట ముందో, ఏ గంట వెనకో! మిర్చి బజ్జీ బండి దగ్గర కూడా ఇదే తంతు. బజ్జీని చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం దట్టించి ఇస్తే అదే రాత్రి భోజనం అయిన రోజులు చాలామందికి ఉంటాయి.

కుటుంబంతో వెళ్లేవారికి హబ్సిగూడ వైపు మొగ్గడం సుఖం. స్ట్రీట్ నంబర్ ఎనిమిదిలో కూర్చుని తినే హోటళ్లు, ఐస్‌క్రీమ్ దుకాణాలు బోలెడు. బిర్యానీ చెప్పేటప్పుడు 'సింగిల్' అంటే ఒక్కరికే అనుకోకండి, చాలాచోట్ల చిన్నపిల్లలున్న ఇద్దరికి సరిపోతుంది. 2017 నవంబరులో మెట్రో వచ్చాక తార్నాక స్టేషన్లో దిగడం తేలిక. ఆదివారం పొద్దున్నే దిగితే 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని తీరిగ్గా చూసి, చెట్ల కింద నడిచి, ఇడ్లీ బండి దగ్గర ఆగొచ్చు. రాగిజావ కావాలంటే మాత్రం ఎండ రాకముందే వెళ్లాలి.