మీకు తెలుసా? హుగ్లీపై నౌకావిహారము

కలకత్తానుండి హుగ్లీ నదిపై ఎదురేగు విహారనౌక నెక్కిన యాత్రికునకు, డేనులు పాలించిన శ్రీరాంపురము, మన యానామువలెనే ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన చందన్‌నగరము, డచ్చివారి చిన్సురా, పోర్చుగీసువారి బండేలు, ఈ నాలుగును పడమటి గట్టుననే వరుసగా దర్శనమిచ్చును. అయినను మనస్సును మిక్కిలి హరించునది కాల్నా: 1809లో బర్ద్వాను మహారాజు తేజచంద్రుడు నిర్మింపజేసిన 108 శివాలయములు అచట వెలుపల 74, లోపల 34గా రెండు వలయములై నిలిచియుండగా, వెలుపలి లింగములు నలుపు తెలుపులుగాను, లోపలివన్నియు శ్వేతములుగాను ఉండుట కన్నులార చూచి తీరవలసినదే. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు యాత్రకు అనుకూలకాలము. ఉదయపు మంచుకు శాలువ వెంటనుండవలెను. ముర్షిదాబాదులోని హజార్‌దువారి ప్రాసాదము శుక్రవారము మూసియుండును గనుక, నౌక అచటికి ఏ వారమున చేరునో టిక్కెట్టు కొనుటకు పూర్వమే విచారించుకొనుడు.