నల్లమలలో సొంత టెంట్ వేసుకోవచ్చా? ట్రెక్ పోస్టర్ చూసి డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

'వీకెండ్ నల్లమల ట్రెక్. 12 మందికే అవకాశం. టెంట్, క్యాంప్ ఫైర్, బార్బెక్యూ. గుంతకల్లు స్టేషన్ నుంచి పికప్.'

చలికాలం మొదలైతే చాలు, ఇలాంటి పోస్టర్లు వాట్సాప్ స్టేటస్‌లలో, ఇన్‌స్టా రీల్స్‌లో తిరుగుతుంటాయి. కింద ఒక ఫోన్ నంబర్, ఒక క్యూఆర్ కోడ్. డబ్బు పంపితే మిమ్మల్ని గ్రూపులో చేరుస్తారు. ఏం తెచ్చుకోవాలో పెద్ద జాబితా పంపుతారు. అయితే అటవీ శాఖ అనుమతి ఉందా లేదా అన్న మాట మాత్రం చాలా పోస్టర్లలో కనిపించదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. పచ్చటి కొండ మీద ఒక రాత్రి గడపాలనుకోవడంలో తప్పేమీ లేదు. పైగా గుంతకల్లు వాళ్లకు నల్లమల దూరమేమీ కాదు. డోన్ మీదుగా నంద్యాలకు రైల్లో దాదాపు 145 కిలోమీటర్లు. ఇంకొంచెం ముందుకెళ్తే గిద్దలూరు వైపు రైలు ఆ అడవిని చీల్చుకుంటూనే పోతుంది. కిటికీలోంచి రోజూ కనిపించే కొండలే కదా, దిగి ఒక టెంట్ వేసుకుంటే ఏమవుతుందని అనిపించడం సహజం.

సూటిగా చెప్పాలంటే, సొంతంగా టెంట్ వేస్తే కేసవుతుంది. అటవీ శాఖ చూపించిన చోట, వాళ్ల అనుమతితో అయితే ఉండొచ్చు. ఈ రెండింటికీ మధ్య 'తెలిసిన ఫారెస్టు ఆయనతో మాట్లాడాం' అనే మూడో దారి ఒకటి ఉందని నిర్వాహకులు చెబుతుంటారు. చట్టంలో అలాంటి దారి లేదు.

చట్టం ఏం చెబుతోంది?

ముందు ఒక చిన్న గందరగోళం తొలగించుకుందాం. చాలామంది నల్లమలను 'నేషనల్ పార్క్' అంటారు. నిజానికి అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వైపున్న భాగమే 3,296 చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు 2,600 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం. మిగిలింది బఫర్. రాష్ట్రంలో జాతీయ పార్కులు మూడే. శేషాచలం కొండల్లో 1989లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పార్కు, గోదావరి మీది పాపికొండలు, కడప జిల్లాలో రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని రాజీవ్ గాంధీ పార్కు.

పేరు ఏదైనా ప్రవేశం విషయంలో నియమం ఒకటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ఎవరు పడితే వారు వెళ్లకూడదు. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి, అక్కడ ఉండటానికి అనుమతి పొందినవారు, లోపల ఆస్తి హక్కు ఉన్నవారు, ప్రజా రహదారి మీదుగా వెళ్లేవారు, వారిపై ఆధారపడినవారు వంటి కొందరికే మినహాయింపు. మిగతా వారికి 28వ సెక్షన్ కింద అనుమతి పత్రం ఉండాలి. పర్యాటకం కోసం కూడా ఆ పత్రం ఇవ్వొచ్చు. లోపల బస చేయడానికీ ఇవ్వొచ్చు. అంటే చట్టం క్యాంపింగ్‌ను పూర్తిగా కాదనలేదు, అడిగి రమ్మంది. జాతీయ పార్కులకు కూడా ఈ సెక్షన్లే వర్తిస్తాయని 35వ సెక్షన్ చెబుతోంది.

రహదారి మినహాయింపును చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆత్మకూరు-దోర్నాల రోడ్డు మీద బైకులో వెళ్లడానికి మీకు అనుమతి పత్రం అక్కర్లేదు. బైకు పక్కన ఆపి, వాగు వెంట లోపలికి నడిచి, గుడ్డ పరుచుకున్నారంటే మీరిక 'రహదారి మీదుగా వెళ్లేవారు' కాదు. పైగా పులుల అడవి గుండా పోయే రోడ్ల మీద రాత్రివేళ వాహనాలను ఆపేస్తారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వచ్చే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది.

అదే 27వ సెక్షన్‌లో చెత్త వేయకూడదనీ, జంతువులను రెచ్చగొట్టకూడదనీ కూడా ఉంది. చిప్స్ ప్యాకెట్ పడేయడం మర్యాద తప్పడం మాత్రమే అనుకుంటాం, అది చట్టాన్ని మీరడం కూడా. ముందస్తు అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లడం 31వ సెక్షన్ కింద నేరం. సరదాకు కొడవళ్లు, ఎయిర్‌గన్లు తెచ్చే మిత్రులు ఉంటారు కాబట్టి చెబుతున్నా.

శిక్ష ఎంత? 2022లో చట్టాన్ని సవరించారు. అంతకుముందు సాధారణ ఉల్లంఘనలకు జరిమానా గరిష్ఠంగా 25 వేలు ఉండేది. ఇప్పుడది లక్ష రూపాయలు. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. టెంట్ వేసిన ప్రతి ఒక్కరినీ జైలుకు పంపుతారని కాదు. కానీ కేసు పడితే అది నిర్వాహకుడి మీద మాత్రమే పడదు. లోపల దొరికిన ప్రతి ఒక్కరి మీదా పడొచ్చు. ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ రావాల్సిన కుర్రాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంత కట్టడి ఎందుకు?

పులి ఉంది కాబట్టి అన్నది అందరికీ తెలిసిన జవాబు. 2022 జాతీయ అంచనాలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు ఉన్నట్టు తేలింది. అయితే మనుషులకు ఎక్కువగా ఎదురయ్యేది పులి కాదు, చిరుత, ఎలుగుబంటి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. వేలమంది నడిచే, లైట్లు వెలిగే మెట్ల దారి అది. 2024 జూన్‌లో నంద్యాల-గిద్దలూరు రోడ్డులోని పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్లిన ఒక మహిళ చిరుత దాడిలోనే చనిపోయారు. ఆమె ఆ అడవి అంచున బతికిన మనిషి. వాళ్లకే తప్పనిది, రాత్రి పదింటికి బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని మాంసం కాల్చుకునే పన్నెండు మందికి తప్పుతుందనుకోవడం ధైర్యం అనిపించుకోదు.

అంతకన్నా పెద్ద భయం నిప్పు. జనవరి దాటితే నల్లమలలో ఆకు రాలిపోయి, బోద గడ్డి ఎండిపోయి ఉంటుంది. జూన్‌లో వాన పడే దాకా అగ్గిపుల్ల చాలు. అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం, మండుతున్న నిప్పును వదిలేసి రావడం 30వ సెక్షన్ కింద నేరం. పోస్టర్‌లో మనల్ని లాగే మొదటి మాటే 'క్యాంప్ ఫైర్' కావడం విచిత్రం.

2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ఏం జరిగిందో చూడండి. ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకున్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది నగరాల్లో ఉద్యోగాలు చేసుకునేవారు, మనలాగే ఆన్‌లైన్‌లో చూసి వచ్చినవారు. ఆ తర్వాతే తమిళనాడు ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 2024లో అటవీ శాఖే 40 దారులను ఎంపిక చేసి, శిక్షణ పొందిన స్థానిక గైడ్లతో ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో అంత విస్తృతమైన ఏర్పాటు ఉంటే దొంగ ట్రెక్కులు సగం తగ్గుతాయని నా అభిప్రాయం. అడిగే దారి సులువుగా లేనప్పుడే జనం అడ్డదారి వెతుకుతారు.

శేషాచలంలో ఇంకో చిక్కు ఉంది. ఎర్రచందనం. అక్కడ రాత్రిపూట బ్యాగులు తగిలించుకుని, టార్చిలైట్లతో నడిచే గుంపును టాస్క్‌ఫోర్స్ ముందుగా ఏమనుకుంటుందో ఊహించడం కష్టం కాదు. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో జరిగిన కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. విహారానికి వచ్చామని చీకట్లో నిరూపించుకోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

మరి ఉండటానికి చోటు లేదా?

ఉంది. బాగానే ఉంది. నంద్యాల జిల్లాలో ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు దారిలో పచ్చర్ల, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు. ఈ చోట్ల అటవీ శాఖ ఎకో టూరిజం కేంద్రాలు ఉన్నాయి. బైర్లూటిలో కాటేజీలతో పాటు టెంట్లు కూడా వేశారు. జీపు సఫారీ ఉంటుంది, గైడ్‌తో నడక ఉంటుంది. స్థానిక కమిటీల ద్వారా నడిచే కేంద్రాలివి. గైడ్లలో, సిబ్బందిలో చెంచులు ఉంటారు. ఏ అడుగు ఎవరిదో, ఏ కూత ఎందుకు వచ్చిందో వాళ్లు చెబుతుంటే వినడం క్యాంప్ ఫైర్ కన్నా వెయ్యి రెట్లు నయం. మీరు కట్టే డబ్బులో కొంత ఆ గూడేలకు చేరుతుంది. పోస్టర్ వాళ్లకు పంపింది ఎక్కడికి చేరుతుందో మనకు తెలియదు.

గుంతకల్లు నుంచి వెళ్లేవారికి బైర్లూటి, పచ్చర్ల అనుకూలం. నంద్యాల వరకు రైలు, అక్కడి నుంచి బస్సో కారో. వసతిని ముందే బుక్ చేసుకోవాలి. గదులూ టెంట్లూ తక్కువ కాబట్టి సంక్రాంతి, వరుస సెలవుల్లో దొరకడం కష్టం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. వెలుతురు ఉండగానే చేరుకోండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు, అంటే జంతువులు జతకట్టే కాలంలో, సాధారణంగా పులుల అభయారణ్యంలో సఫారీలు ఆపేస్తారు. ఆ నెలల్లో ఎవరైనా 'సఫారీ గ్యారంటీ' అంటే అనుమానించండి.

శేషాచలం వైపు అయితే తలకోన. 82 మీటర్ల జలపాతం. అక్కడా నెరబైలు గ్రామ వన సంరక్షణ సమితి ద్వారా బస ఏర్పాట్లు చేశారు. మన పక్కనే ఉన్న గుత్తి కోట గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగి రావడమే, రాత్రి బసకు కాదు.

అనుమతి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగేళ్ల కిందట నేనూ ఇలాంటి ట్రిప్పుకు డబ్బు కట్టాను. చెక్‌పోస్టు దగ్గర నిర్వాహకుడు దిగి, పావుగంట మాట్లాడి వచ్చి, 'ఇవాళ సార్ లేరంట' అన్నాడు. ఆ రాత్రి మేం టెంట్లు వేసింది అడవిలో కాదు, హైవే పక్క దాబా వెనకున్న మామిడి తోటలో. లారీల హారన్ల మధ్య నక్షత్రాలు చూశాం. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సార్ లేకపోవడమే మా అదృష్టం.

అందుకే డబ్బు పంపే ముందు నిర్వాహకుడిని రెండు ప్రశ్నలు అడగండి. రాత్రి బస ఏ రేంజ్ పరిధిలో? అనుమతి పత్రం మీద ఎవరి సంతకం ఉంది? నిజమైన అనుమతిలో తేదీ, స్థలం, మనుషుల సంఖ్య ఉంటాయి. దాని ఫొటో పంపమనండి. 'అక్కడికెళ్లాక చూపిస్తాం' అంటే అర్థమైపోతుంది. ఇంకా సందేహం ఉంటే సంబంధిత రేంజ్ ఆఫీసుకో, డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసుకో ఫోన్ చేసి అడగొచ్చు. అడిగినందుకు ఎవరూ కేసు పెట్టరు.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. కొండల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, 112కి కూడా ఫోన్ కలవకపోవచ్చు. పాము కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం వంటివి చేయకుండా కదలనివ్వకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు అక్కడ ఉచితం. ప్రమాద బీమా ఉందని ధీమాగా ఉండేవారు పాలసీలో సాహస క్రీడలను మినహాయించారేమో ఒకసారి చదువుకోండి.

హిమాలయాలకు వెళ్లేవాళ్ల సంగతి?

కర్ణాటక ఎక్స్‌ప్రెస్ గుంతకల్లులో ఎక్కితే ఢిల్లీ దాకా దిగక్కర్లేదు. అక్కడి నుంచి ఉత్తరాఖండ్‌కో, హిమాచల్‌కో వెళ్లే బృందాలు ఇప్పుడు మన దగ్గరా పెరిగాయి. అక్కడి నియమాలు పార్కు పార్కుకూ మారతాయి. పూల లోయ జాతీయ పార్కులో పగలే తిరగాలి, రాత్రి ఉండనివ్వరు. సాయంత్రానికి ఘంఘారియాకు దిగి రావాల్సిందే. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు, బుగ్యాల్ అని పిలిచే ఎత్తైన పచ్చిక మైదానాల్లో రాత్రి బసను నిషేధించింది. సందర్శకుల సంఖ్యను 200కి పరిమితం చేసింది. పచ్చిక మీద టెంట్లున్న పాత వీడియోలు చూసి ప్యాకేజీ కొనేవాళ్లు ఇది గమనించాలి. హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌లో మాత్రం అనుమతి తీసుకుని, స్థానిక గైడ్‌తో, చూపించిన చోట్ల గుడారాల్లో ఉంటూ రోజుల తరబడి నడవొచ్చు. చిన్న బృందంతో అసలైన క్యాంపింగ్ కావాలనుకునేవారికి అది మంచి చోటు.

మన దగ్గర అలాంటిది అసలే లేదని కూడా అనలేం. శివరాత్రికీ, ఉగాదికీ ముందు వేల మంది భక్తులు ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరుతారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. పెచ్చెరువు దగ్గర రాత్రి పడుకుంటారు. నీళ్లు, అన్నదానం, వైద్య శిబిరాలు అన్నీ ఆ కొద్ది రోజులకు ఏర్పాటు చేస్తారు, దారిని కూడా ఆ రోజుల్లోనే తెరుస్తారు. పండగ అయిపోగానే మూసేస్తారు. ఆ దారిలో నడవాలని ఉంటే శివరాత్రికి రెండు మూడు వారాల ముందు అటవీ శాఖ, దేవస్థానం ఇచ్చే ప్రకటన కోసం చూడండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తెరిచి ఉంటుందో అందులో ఉంటుంది.