ఇంకో నాలుగు మార్కుల కోసం

చిల్లర లేదని బస్సులో రోజూ గొడవపడే హైదరాబాద్ చిల్కానగర్ జనానికి, ఆ చిల్లర పుట్టే చోటు పెద్ద దూరమేమీ కాదు. నాచారం, మల్లాపూర్ దాటి వెళ్తే చర్లపల్లి. అక్కడి పారిశ్రామికవాడలో కేంద్ర ప్రభుత్వ టంకశాల ఉంది. రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద బుల్లి నక్షత్రం కనబడితే అది హైదరాబాద్‌లో కొట్టిందని గుర్తు. 1997లో చర్లపల్లికి మారకముందు ఈ టంకశాల సైఫాబాద్‌లో ఉండేది. 1903లో నిజాం సర్కారు అక్కడ ఆధునిక యంత్రాలు పెట్టించింది. అంతకుముందు సమ్మెటతో కొట్టిన వంకరటింకర నాణేలు చలామణీలో ఉండేవి. యంత్రాలొచ్చాక చార్మినార్ రూపాయి బయటికొచ్చింది. నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో నాణెం మీది చార్మినార్ ద్వారంలో ఆయన పేరుకు గుర్తుగా ఉర్దూ అక్షరం ‘మీమ్’ పెట్టారు. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక అక్కడికి ‘ఐన్’ వచ్చి చేరింది. మొదట్లో ఆ ‘ఐన్’ సగమే కనిపించేది, తర్వాతి అచ్చుల్లో పూర్తిగా కనిపిస్తుంది. నాణేలు సేకరించే కలెక్టర్లు భూతద్దం పట్టుకుని ముందు వెతికేది దీన్నే.

ఇప్పుడు అలాంటి రూపాయి ఒకటి చిల్కానగర్‌లో ఒకింటి బీరువాలో, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఉందనుకుందాం. ఆ డబ్బాను స్లాబ్ అంటారు. అమెరికా గ్రేడింగ్ కంపెనీ దాని మీద చీటీ వేసి ‘ఏయూ 58’ అని రాసింది. అంటే చలామణీలో కాస్త తిరిగింది, అరుగుదల చాలా స్వల్పం అని. ఇంటాయన మాత్రం ఇది అసలు అరగనే లేదనీ, కనీసం ‘ఎంఎస్ 62’ ఇవ్వాల్సిందనీ పట్టుబడతాడు. మళ్లీ పంపాలా, వద్దా? నాణేల లోకంలో ఇళ్లలో రాత్రిళ్లు దీపం ఆర్పనివ్వని ప్రశ్న ఇది.

58కీ 62కీ మధ్య నాలుగంకెలే తేడా. కానీ ఆ నాలుగు అంకెల మధ్యలో ఒక గోడ ఉంది. 60 నుంచి పైవన్నీ చలామణీకి వెళ్లని నాణేలు, 58 దాకా ఎంతో కొంత చేతులు మారినవి. ధర కూడా ఆ గోడ దగ్గరే ఎగబాకుతుంది. చిత్రమేమిటంటే, మంచి మెరుపున్న 58 నాణెం, టంకశాల సంచుల్లో తోటి నాణేలతో రాసుకుని గీతలు పడ్డ 60 కంటే అందంగా ఉండొచ్చు. చూడముచ్చటగా ఉన్నదానికి తక్కువ అంకె, మొహం నిండా గీతలున్నదానికి ఎక్కువ అంకె! ఇంటాయన కోపం పూర్తిగా అన్యాయం కాదు.

అసలు ఈ అంకెలు ఎక్కణ్నుంచి వచ్చాయి? విలియం షెల్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1949లో అమెరికా పాత రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఒక కొలమానం పెట్టాడు. అట్టడుగు స్థితిలోని నాణెం ఒక డాలరు చేస్తే, అదే నాణెం చెక్కుచెదరకుండా ఉంటే డెబ్భై డాలర్లు చేస్తుందన్నది దాని లెక్క. అంటే అది ఆ కాలంలో ఒక రకం సెంట్ల ధరల పట్టిక. ధరలు ఎప్పుడో మారిపోయాయి, 70 మాత్రం మిగిలింది. మనుషుల శరీరాలను కూడా అంకెలతో వర్గీకరించిన ఘనుడీయన. అంతకంటే ఘనకార్యం చనిపోయాక బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి వందకు పైగా సెంట్లను, తనవి తక్కువరకంవి పెట్టి మార్చేసుకున్నాడట. ఏది మేలురకమో ఆయనకు బాగా తెలుసు మరి!

ఇప్పటి పద్ధతిలో డబ్బాలో సీలు వేసి, నంబరిచ్చి, హామీ ఇచ్చే పని 1986లో పీసీజీఎస్ అనే అమెరికా కంపెనీతో, మరుసటేడు ఎన్‌జీసీ అనే మరోదానితో ఊపందుకుంది. ఒకరికి మించి నిపుణులు చూస్తారు. ఒక్కో నాణేన్ని చూసేది నిమిషాల తరబడి కాదు, సెకన్లలోనే తేల్చేస్తారు. ఉప్పల్ రోడ్డులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ ఉంది. ఇలాంటి చోట పుట్టిపెరిగినవాళ్లకు కొలత అంటే ఎవరు కొలిచినా ఒకటే రావాలని అనిపిస్తుంది. గ్రేడ్ అలాంటిది కాదు. అది అభిప్రాయం. సోమవారం 58 అన్నవాళ్లే శుక్రవారం 61 అనవచ్చు, 55 కూడా అనవచ్చు.

మళ్లీ పంపే దారులు రెండు. ఒకటి, డబ్బాలో ఉండగానే చూసి, పెంచదగ్గదైతే పెంచమనడం. తగ్గదు, ఫీజు పోతుందంతే. ఇంటర్ పేపర్ రీకౌంటింగ్‌కి పెట్టుకున్నట్టు. రెండోది, డబ్బా పగలగొట్టి ఉత్త నాణేన్ని కొత్తదానిలా పంపడం. ఇది పాత మార్కుల మెమో చించేసి మళ్లీ పరీక్షకు కూర్చోవడం. పాత చీటీ చూపించి గింజుకునేందుకు లేదు. 62 రావచ్చు, 55 రావచ్చు, ‘శుభ్రం చేసినది’ అని అంకె లేకుండా తిరిగి రావచ్చు. పగలగొట్టేటప్పుడు చెయ్యి జారి గీత పడితే సంగతి వేరే.

ఇలా పగలగొట్టి పంపేవాళ్ల వల్ల ఇంకో గందరగోళం. పాత చీటీని కంపెనీకి తిరిగి పంపకపోతే, ఒకే నాణెం లెక్కలో రెండు మూడుసార్లు నమోదవుతుంది. ‘ఈ గ్రేడ్‌లో లోకంలో ఇన్నే ఉన్నాయి’ అని కంపెనీలు చూపించే పట్టికను చూసి కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక డబ్బు లెక్క. ఊహకే అనుకుందాం. 58గా పది వేలు పలికే నాణెం 62 అయితే పదహారు వేలు పలుకుతుంది. అంటే ఆశ ఆరు వేలు. ఫీజు, రానూపోనూ రవాణా, బీమా, కస్టమ్స్ తలనొప్పి కలిపి అయిదు వేలు. పెరిగే అవకాశం నాలుగింట ఒకటైతే, ఆశ విలువ పదిహేను వందలే. పదిహేను వందల కోసం అయిదు వేలు పెట్టడాన్ని చిల్కానగర్‌లో ఏమంటారో అందరికీ తెలుసు. ధర ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటేనే ఈ లెక్క తిరగబడుతుంది.

కానీ చార్మినార్ రూపాయి విషయంలో లెక్కకంటే ముందు చట్టం అడ్డుపడుతుంది, ఈ సంగతి చాలామంది కలెక్టర్లకే పట్టదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లకు తగ్గని నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికో, అది అనుమతిచ్చిన సంస్థకో తప్ప ఎవరికీ లేదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ‘గ్రేడింగ్‌కే కదా, మళ్లీ తిరిగొస్తుంది’ అనే వాదన కస్టమ్స్ కౌంటర్ దగ్గర చెల్లదు. హిజ్రీ 1330ల రూపాయి, అంటే 1911-1921 మధ్యది, ఇప్పటికే నూరు దాటింది. మళ్లీ పంపాలా అన్న ప్రశ్నకు జవాబు ఒక్కమాట: వద్దు. విదేశంలో డబ్బాకెక్కి ఇక్కడికొచ్చిన నాణేనికైనా జవాబు ఇదే. హిజ్రీ 1361 నాటిదైతే, అంటే 1942దైతే, ఇంకా నూరేళ్లు నిండలేదు కాబట్టి ఆ అడ్డు లేదు.

డబ్బాలోకి ఎక్కని రూపాయిల మాటా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలంగాణ ఇళ్లలో ఉన్నవి ఎక్కువ అవే. నిజాం కాలంలో హాలీ సిక్కాగా తిరిగి, ఆ తర్వాత దేవుడి గూట్లో చేరిన రూపాయిలు. దీపావళి లక్ష్మీపూజకు ముందు చింతపండు, విభూతి పెట్టి తళతళలాడేలా తోముతారు. పసుపు, కుంకుమ అద్దుతారు. అమ్మమ్మ భక్తితో చేసిన ఈ పని భూతద్దం కింద సన్నని గీతల వలలా కనబడుతుంది. కంపెనీ అంకె ఇవ్వదు, ‘శుభ్రం చేసినది’ అని రాసి పంపుతుంది. రూపాయి బిళ్లల దండలో కొండీ అతికించినవి ఇంకోరకం. కొండీ తీసేసినా అతుకు మచ్చ పోదు. చార్మినార్ పక్కన నాణేలమ్మే బండ్ల దగ్గర ‘లస్టర్ చూడు భయ్యా, ఎంత మెరుస్తుందో’ అంటే, మెరుపు టంకశాలదా, తోమినదా అని ముందు చూడాలి. టంకశాల మెరుపు నాణేన్ని కదిపితే చక్రంలా తిరుగుతుంది. తోమిన మెరుపు మొత్తం ఒకేసారి తళుక్కుమని అక్కడే నిలబడిపోతుంది.

మళ్లీ డబ్బా దగ్గరికొద్దాం. చేతిలో హిజ్రీ 1361 రూపాయి, డబ్బా మీద 58 ఉన్నాయనుకోండి. ఓ నెల పక్కన పెట్టండి. తర్వాత పగటి వెలుతురులో పది రెట్ల భూతద్దంతో మినార్ల అంచులు, కమాను గీతలు చూడండి, ఎందుకంటే ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. అక్కడ మెరుపు తెగి బూడిదరంగు తిరిగిందా? తిరిగితే కంపెనీ మాటే నిజం. తెగలేదంటే, మీకు ఎదురుచెప్పే మరో కలెక్టరుకి, వీలైతే మీ నాణెం మీద ఏ ఆశా లేనివాడికి చూపించండి. అతనూ ఒప్పుకుంటే డబ్బా పగలగొట్టకుండా, ఒకే ఒక్కసారి పంపండి. మళ్లీ 58గానే తిరిగొస్తే, హైదరాబాద్ నాణేల మీద న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి రాసిన పుస్తకాలు తిరగేయండి. ఎంఎస్‌లూ ఏయూలూ పక్కనపెట్టి, ఆ ద్వారంలోని నిండు ‘ఐన్’ను చూసుకోవచ్చు.