పాత రేడియో వాల్వులను గుర్తించు విధము



మీ యిండ్ల అటకలమీద పాతదుప్పటి కప్పిన కొయ్యపెట్టెలు కొన్ని యుండవచ్చును. ఒకప్పుడు సావడిలో బల్లమీద కూర్చుండి ఊరినంతను తనచుట్టు చేర్చుకొనిన రేడియోలవి. నేడు వానిని వెదకికొనుచు వచ్చువారు ఇద్దరు. మొదటివాడు పాతయినుము కొనువాడు. అతడు రాగితీగను, ఇనుమును తూకమువేసి వెలకట్టి, లోపలి గాజుబుడ్లను గోతిలో పారవైచును. రెండవవాడు పట్టణమునుండి వచ్చువాడు. అతడు పెట్టెను మీకే విడిచి, గాజుబుడ్లు మాత్రము ఊడదీసికొని, చేతిలో కొంత పెట్టి పోవును. ఆ గాజుబుడ్లే వాల్వులు. మొదటివానికి వాని విలువ తెలియదు. రెండవవాడు తెలిసియు చెప్పడు. కావున పెట్టె గలవారికే ఆ సంగతి తెలిసియుండుట మేలని తలంచి, కృష్ణా డెల్టా గ్రామములలో ఇరువదేండ్లుగా వీనిని సేకరించుచు నేర్చుకొన్న దానిని మీకు విన్నవించుచున్నాను.

వాల్వు పనిచేయు తీరు డెల్టా రైతునకు చెప్పుట సులభము. మురుగుకాలువ సముద్రమున గలియుచోట అమర్చు తలుపు లోనినీటిని వెలికి పోనిచ్చును, పోటునీటిని లోనికి రానీయదు. 1904లో ఇంగ్లండునందు ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు విద్యుత్తునకు అట్టి తలుపునే గాజుబుడ్డిలో అమర్చెను. గాలి తీసివేసిన బుడ్డిలో సన్నని తీగ కాగి ఎఱ్ఱబడినప్పుడు దానివలన ఎలక్ట్రానులు వెలువడి, ఎదుటనున్న లోహపురేకును చేరును, తిరిగి రాలేవు. 1906లో అమెరికా దేశస్థుడైన డి ఫారెస్టు ఆ రెంటినడుమ జల్లెడవంటి మఱియొక తీగను చేర్చెను. దానిని గ్రిడ్డందురు. ఇది కాలువ తూము తలుపువంటిది. లస్కరు చేతిచక్రమును కొంచెము త్రిప్పినంతనే కాలువనిండ నీరు హెచ్చుతగ్గులగునుగదా! అట్లే గ్రిడ్డుమీదికి వచ్చిన లేశమాత్రపు సంకేతము రేకునకు పోవు పెద్దప్రవాహమును తనయిచ్చవచ్చినట్లు ఆడించును. గాలిలో తేలివచ్చిన బలహీనమైన తరంగము సావడినిండ పలుకుట యిందువలననే.

మదరాసు రేడియో కేంద్రము 1938 జూను 16వ తేదీనను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమయ్యెను. విజయవాడలో పలుకు మొదలగుటకు దాదాపు ఒక యేడాది ముందే, 1947 డిసెంబరులో, అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. వాల్వును వెడలగొట్టబోవునది అప్పటికే తొట్టెలో నున్నదన్నమాట. అయినను అది మన పల్లెలకు నడచివచ్చుటకు చాలకాలము పట్టెను. 1954లో నేర్పడిన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వులను చేయనారంభించినది. బీఈఎల్ ముద్రగల ఆ వాల్వులు నాకు డెల్టాలో తఱచుగా దొరకినవి. వానిని చిన్నచూపు చూచు సేకర్తలున్నారు గాని నేను వారిలో చేరను.

ఇక నేటికిని వీనికి గిరాకి యేలయన, పాటలు వినుటకై వాల్వులతో ఆంప్లిఫయరులు కట్టుకొనువారు లోకమంతట నున్నారు. వారికొరకు స్లొవేకియా, రష్యా, చైనా దేశములలో క్రొత్తవి తయారగుచునే యున్నవి. అయినను పాతవాని పలుకు వేఱని వారి నమ్మకము. అది కొంత నిజము, కొంత మోజు. మోజున్నచోట మోసమును ఉండును.

మొదట పేరు చదువుట నేర్వవలయును. ఐరోపా వాల్వుల పేరులో మొదటి అక్షరము తీగ కాగుటకు వలసిన విద్యుత్తును తెలుపును. 'ఈ' యనిన 6.3 వోల్టులు. 'డీ' యనిన 1.4 వోల్టులు, ఇవి బ్యాటరీ రేడియోలవి. తరువాతి అక్షరములు లోని నిర్మాణమును చెప్పును: 'సీ' ట్రయోడు, 'ఎఫ్' పెంటోడు, 'ఎల్' లౌడుస్పీకరును నడుపునది, 'జెడ్' ఏసీ కరెంటును డీసీగా మార్చునది, 'ఎం' స్టేషను కుదిరినప్పుడు చూపు ఆకుపచ్చకన్ను. అంకెలలో మొదటిది అడుగుభాగమును తెలుపును: 3 అయిన లావుపాటి ఎనిమిది కాళ్ల పీఠము, 8 అయిన సన్నని తొమ్మిది కాళ్లు, 9 అయిన ఏడు కాళ్లు. కావున ఈసీసీ 83 అనగా 6.3 వోల్టులపై పనిచేయు, రెండు ట్రయోడులు గల, తొమ్మిది కాళ్ల వాల్వు. అమెరికాలో దీనినే 12ఏఎక్స్7 అందురు. ఈఎల్ 84కు అచటి పేరు 6బీక్యూ5. ఇంటిలో నొకపేరు, బడిలో నొకపేరు గల పిల్లవానివలె వాల్వునకును రెండు పేర్లుండును. తెలియనివాడు రెండు వాల్వులనుకొని రెండుసార్లు కొనును. నేను కొంటిని.

'యూ' అను అక్షరమునుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. యూతో మొదలగు వాల్వుల తీగలను గొలుసువలె వరుసగా కలిపి, ఇంటికరెంటునకే తగిలింతురు. అట్టి రేడియోలలో చాలవానికి ట్రాన్స్‌ఫార్మరు లేదు. లోపలి ఇనుపపీఠమునకే 230 వోల్టులు తగులుచుండవచ్చును. ప్లగ్గు తీయక వెనుకయట్ట విప్పి చేయి పెట్టినవానికి ప్రాణాపాయము. ఈ యొక్క అక్షరము గుర్తుండిన చాలును, మిగిలినవి మఱచినను నష్టములేదు.

వాల్వుమీద రంగుతో అచ్చువేసిన పేరును నమ్మరాదు. నా సేకరణ తొలియేట విజయవాడలో ఒక దుకాణమున, బంగారురంగున మల్లార్డు అని మెఱయు ఈసీసీ 83ను మూడింతల వెలకు కొని, ఎంతయో సంతసించితిని. కొంతకాలమునకు అవనిగడ్డ ప్రాంతమున మూతబడిన రిపేరు కొట్టునుండి బిస్కత్తుల డబ్బానిండ వాల్వులు దొరకినవి. అందులో పేరే లేని ఈసీసీ 83 యొకటి యుండెను. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి భూతద్దముతో చూడగా, పేరులేనిదాని గాజుపై అడుగున బూడిదరంగు సన్నని అక్షరములు రెండు పంక్తులుగా కనబడినవి. పైపంక్తి వాల్వు జాతిని, క్రిందిపంక్తి పుట్టుకను తెలుపును. క్రిందిపంక్తి 'బీ' అక్షరముతో మొదలయ్యెను. బీ యనిన ఇంగ్లండునందలి బ్లాక్‌బర్న్ కర్మాగారము, అనగా నిజమైన మల్లార్డు. అచ్చటనే త్రికోణముండిన హాలండులోని హీర్లెన్, 'డీ' యుండిన జర్మనీలోని హాంబర్గు. తరువాతి అంకె సంవత్సరపు తుదియంకె, ఆపై అక్షరము నెల, కడపటి అంకె వారము. సంవత్సరమునకు ఒకే అంకె గనుక 5 యనిన 1955యో 1965యో సందేహము కలుగును. అప్పుడు పైపంక్తిని, లోపలి రేకులను చూడవలయును. ఈ జాతిలో పొడుగురేకులు ముందటివి, పొట్టిరేకులు తరువాతివి.

బంగారురంగు వాల్వుమీద అట్టి గుర్తు ఏదియు లేదు. ఎవరో పాతపేరు తుడిచి క్రొత్తపేరు వేసియుందురు. రంగు చెరిగిపోయినంతమాత్రమున వాల్వు దొంగది కాదు. నిజమైన మల్లార్డు రంగుగూడ తడిగుడ్డకు నిలువదు. అందుచేతనే వాల్వులను కడుగవద్దనుచున్నాను. చెరిగిన పేరును చదువుటకు మెల్లగా నోటియావిరి ఊదిన చాలును. రంగున్నచోట తేమ వేఱుగా పట్టి, పాతయక్షరములు క్షణకాలము లేచి కనబడును.

బాగోగులు తెలిసికొనుటకు బుడ్డి పైభాగమున వెండిపూతవంటి మచ్చను చూడుడు. లోపల మిగిలిన వాయువును పీల్చుకొనుటకు పూసిన బేరియమది. వెండివలె నున్న సరి. పాలవలె తెల్లబడినయెడల గాలి చొచ్చినది, ఆ వాల్వు ముగిసినది. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెననీట మునిగిన పెట్టె నొకటి దివిసీమలో చూచితిని. కొయ్య పొరలు విడిపోయినది, ట్రాన్స్‌ఫార్మరు చిలుముముద్దయైనది. గాజులోనికిమాత్రము ఉప్పునీరు పోలేదు. కాళ్లను మెత్తని కుంచెతో, స్పిరిటుతో శుభ్రపఱచి పరీక్షింపగా, అయిదింటిలో మూడు పనిచేసినవి.

మా తండ్రిగారి రేడియో విషయమున నాకు అంతటి యదృష్టము లేకపోయెను. ముప్పదేండ్లు మూలనున్నదానిని దింపి, ఆనాటి గొంతు వినవలెనను ఆతురతతో సూటిగా కరెంటునకు తగిలించితిని. ఆకుపచ్చకన్ను ఒక్కసారి తెఱచుకొనినది. అర నిమిషమునకు పొగ వచ్చెను. లోపలి ఎండిపోయిన కండెన్సరు కరెంటును తిన్నగా పోనిచ్చి, దానిని అందించు వాల్వును, ట్రాన్స్‌ఫార్మరును కాల్చివైచినది. ముందుగా ఆ కండెన్సరులను మార్పించి, 60 వాట్ల బల్బునొకదానిని వరుసలో కలిపి ప్రయత్నించియుండిన ఆ నష్టము తప్పెడిది. తప్పున్నచో బల్బు నిండుగా వెలిగి, రేడియోను కాపాడును. మా తల్లిగారు ఆ పొగ చూచి ఏమియు అనలేదు, లోనికి పోయిరి.

బ్యాటరీ రేడియోలలోని డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96 వాల్వుల తీగ సాలెదారమంత సన్నము. వానికి 1.4 వోల్టులు వేఱుగను, 90 వోల్టులు వేఱుగను ఇవ్వవలయును. తీగలు తాఱుమాఱుచేసి 90 వోల్టులను అచట తగిలించినయెడల నాలుగును ఒక్క ఱెప్పపాటున పోవును.

మీరు వాల్వులను అమ్మినను దాచినను, ఊడదీయుటకు ముందు ఏ గూటిలో ఏది యుండెనో కాగితముపై వ్రాసికొనుడు. పెట్టె లోపలియట్టకు అంటించిన కాగితమున వాల్వుల పేర్లు, స్థానములు అచ్చువేసియుండును, దానిని చింపకుడు. పెట్టెలో పోస్టాఫీసువారి పాత లైసెన్సు పుస్తకము దోపియుండిన, దానినిగూడ వాల్వులతోనే యుంచుడు. అందలి ముద్రల తేదీలు ఆ రేడియో మీ యింట ఏ యేట పలుకుచుండెనో చెప్పును. గాజుమీది ఒంటియంకెవలని సందేహమునుగూడ పెక్కుమారులు అదియే తీర్చును.