అరచేతిలో పాఠం: స్మార్ట్‌ఫోన్ ద్వారా స్వీయగతి అభ్యసనం

వేగం అభ్యాసకునిది – తోడ్పాటు వ్యవస్థది

ఉపాధ్యాయులకు వృత్త్యంతర శిక్షణ అనగానే మండల కేంద్రంలోని సమావేశ మందిరం, రిసోర్స్ పర్సన్ల ఉపన్యాసాలు, హాజరు పట్టిక గుర్తుకు వస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టు 21న ప్రారంభించిన 'నిష్ఠ' శిక్షణ కార్యక్రమం కూడా ముఖాముఖి తరగతులతోనే మొదలైనది. ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయిలో సుమారు 42 లక్షల మందికి శిక్షణ అందించడం దాని లక్ష్యం. దాదాపు 17.5 లక్షల మందికి శిక్షణ పూర్తయిన దశలో కోవిడ్ మహమ్మారి కారణంగా తరగతులు నిలిచిపోయాయి. మిగిలిన వారికి ఆన్‌లైన్‌లో శిక్షణ ఇవ్వాలని నిర్ణయించి, 2020 జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతో దేశంలో తొలి ఆన్‌లైన్ నిష్ఠ కార్యక్రమానికి శ్రీకారం చుట్టడం జరిగింది. అదే సంవత్సరం అక్టోబరు నుండి 18 మాడ్యూళ్లు 'దీక్ష' వేదికపై విడతలవారీగా అందుబాటులోకి వచ్చాయి.

ఆ విధంగా సమావేశ మందిరంలో జరిగే శిక్షణ లక్షలాది ఉపాధ్యాయుల స్మార్ట్‌ఫోన్లలోకి చేరినది. అయితే పాఠం ఫోన్‌లోకి చేరడం ఒక ఎత్తు, అది అభ్యాసకునికి ఒంటబట్టడం మరొక ఎత్తు. ఈ రెండింటి మధ్య గల అంతరాన్ని గుర్తించడం విద్య, ఆరోగ్యం, పరిపాలన రంగాలలో శిక్షణ కార్యక్రమాలను నిర్వహించే ప్రతి శాఖకు అవసరం.

స్వీయగతి అభ్యసనం అంటే ఏమిటి?

నిర్ణీత వేళకు ఫోన్ తెరపై ఉపన్యాసం వినడం స్వీయగతి అభ్యసనం కాదు. అది తరగతి గదిని తెరపైకి మార్చడం మాత్రమే. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలను ప్రసారం చేసినది. బడులు మూతపడిన రోజులలో ఈ ప్రసారాలు విద్యార్థులకు ఎంతో ఆసరాగా నిలిచాయి. కాని టెలివిజన్ పాఠానికి వేళ ఉన్నది. పొలం పనిలో తల్లిదండ్రులకు తోడుగా వెళ్లిన పిల్లవానికి ఆ వేళ దాటిపోతే పాఠమూ దాటిపోతుంది. అదే పాఠాన్ని యాప్‌లో తిరిగి తెరచి, అర్థం కాని చోట ఆపి, మరొకసారి వినే వీలు కలిగినప్పుడే అది స్వీయగతి అభ్యసనం అవుతుంది.

ఈ పద్ధతికి మూడు లక్షణాలు ముఖ్యమైనవి. పాఠం చిన్న చిన్న భాగాలుగా ఉండాలి. ప్రతి భాగం చివర అభ్యాసకుడు తన్ను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు ఉండాలి. మధ్యలో ఆపివేసినా, ఆగిన చోటు నుండే తిరిగి కొనసాగించే ఏర్పాటు ఉండాలి.

పాఠ్యపుస్తకం నుండి ఫోన్‌కు దారి

'దీక్ష' వేదికను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, నాటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. 'సన్‌బర్డ్' అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌పై ఇది నిర్మితమైనది. ఒకే వేదికపై ఆయా రాష్ట్రాలు తమ పాఠ్యప్రణాళికకు, తమ భాషకు అనుగుణమైన పాఠాలను ఉంచుకొనే సౌలభ్యం ఇందులో ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలోనూ దీక్ష క్యూఆర్ కోడ్‌లు చోటుచేసుకున్నాయి.

దీని పనితీరు సరళమైనది. పాఠం పక్కనే ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే, ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకొంటాయి. కెమెరా సరిగా పనిచేయనప్పుడు కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాల సంకేతాన్ని టైపు చేస్తే సరిపోతుంది. పాఠాన్ని ఒకసారి డౌన్‌లోడ్ చేసుకొన్న తరువాత ఇంటర్నెట్ లేకున్నా చూడవచ్చు. ఒక ఫోన్ నుండి మరొక ఫోన్‌కు నెట్‌తో నిమిత్తం లేకుండా పంపుకొనే వీలు కూడా ఉన్నది. సిగ్నల్ అందని ఏజెన్సీ గ్రామాలలో ఈ ఏర్పాటుకు ఎంతో విలువ ఉన్నది. ఉపాధ్యాయుడు మండల కేంద్రంలో పాఠాలను దించుకొని బడిలో పిల్లలకు చూపించవచ్చు, తల్లిదండ్రుల ఫోన్లలోకి ఎక్కించవచ్చు.

పాఠం నిడివి, ప్రశ్నల ప్రాధాన్యం

గంటసేపు సాగే ఉపన్యాసాన్ని రికార్డు చేసి యథాతథంగా యాప్‌లో ఉంచడం అనేక శిక్షణ కార్యక్రమాలలో కనిపించే లోపం. ఎడెక్స్ వేదికపై 69 లక్షల వీడియో వీక్షణలను విశ్లేషించి 2014లో వెలువరించిన పరిశోధన ప్రకారం, వీడియో నిడివి ఆరు నిమిషాలు దాటిన తరువాత చూసేవారి శ్రద్ధ తగ్గుతున్నది. పెద్ద పాఠాన్ని చిన్న భాగాలుగా విభజించడం కేవలం సౌకర్యం కోసం కాదని, నేర్చుకొనే తీరుకే అది అవసరమని దీనినిబట్టి తెలుస్తున్నది.

ప్రశ్నల విషయంలో 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగం గమనార్హమైనది. ఒక బృందం పాఠాన్ని నాలుగుసార్లు చదివినది. మరొక బృందం ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినది. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగుసార్లు చదివినవారే మెరుగు. వారం తరువాత చూస్తే వారికి 40 శాతం మాత్రమే గుర్తు ఉండగా, గుర్తు తెచ్చుకొని రాసిన వారికి 61 శాతం జ్ఞాపకం ఉన్నది. పాఠం విన్నంతసేపు అంతా తెలిసినట్లే ఉంటుంది, ప్రశ్న ఎదురైనప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. కావున మాడ్యూల్ చివరి ప్రశ్నలను ధ్రువపత్రం కోసం జరిపే లాంఛనంగా కాక, పాఠంలో భాగంగా రూపొందించాలి.

మొదలు పెట్టినవారెందరు, పూర్తి చేసినవారెందరు?

తన వీలును బట్టి నేర్చుకొనే స్వేచ్ఛకు మరొక ముఖం కూడా ఉన్నది. 'రేపు చూద్దాం' అనుకొన్న పాఠం అలాగే ఉండిపోతుంది. హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థల ఆన్‌లైన్ కోర్సుల సమాచారాన్ని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2017-18లో కోర్సులో చేరినవారిలో 3.13 శాతం మందే దానిని పూర్తి చేశారు. రుసుము చెల్లించి, గుర్తింపు ధ్రువీకరణతో చేరినవారిలో మాత్రం 46 శాతం మంది పూర్తి చేయగలిగారు. నేర్చుకోవాలన్న దృఢ నిశ్చయంతో చేరడానికి, ఊరకే పేరు నమోదు చేసుకోవడానికి గల తేడా ఈ అంకెలలో కనిపిస్తుంది.

కోవిడ్ కాలంలో ఆఫ్రికాలోని బోట్స్‌వానా దేశంలో సుమారు 4,500 కుటుంబాలతో జరిగిన ప్రయోగం మరొక అంశాన్ని స్పష్టం చేసినది. గణిత అభ్యాసాలను ఎస్ఎంఎస్ ద్వారా మాత్రమే పంపిన ఇళ్లలో పిల్లల ప్రగతిలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. ఎస్ఎంఎస్‌తో పాటు వారానికి ఒకసారి సుమారు 20 నిమిషాలు బోధకులు ఫోన్ చేసి మాట్లాడిన ఇళ్లలో పిల్లల అభ్యసన స్థాయి మెరుగుపడినది. 2022లో ప్రచురితమైన ఈ ఫలితాల సారాంశం ఒక్కటే. పాఠం యంత్రం ద్వారా చేరినా, పలకరించే మనిషి ఒకరు ఉండాలి.

ఫోన్ ఎవరి చేతిలో ఉన్నది?

అసర్ నివేదికల ప్రకారం, గ్రామీణ భారతంలో బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా 2021 నాటికి 67.6 శాతానికి పెరిగాయి. అయినప్పటికీ 2021లో, ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లలలో నలుగురిలో ఒకరికి పైగా, అంటే 26.1 శాతం మందికి, అది చదువు కోసం అందనేలేదు. ఇంటికి ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పాటు పనికి వెళ్లిపోతే, పగటిపూట పిల్లలకు చదువు లేనట్లే.

14 నుండి 18 ఏళ్ల వయస్సు వారిపై 2023లో జరిపిన అసర్ సర్వేలో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్లు తేలినది. ఫోన్ వాడటం తెలిసినవారిలో సొంత ఫోన్ ఉన్న బాలురు 43.7 శాతం కాగా బాలికలు 19.8 శాతం మాత్రమే. స్వీయగతి అభ్యసనానికి ఆధారం అభ్యాసకుని సొంత సమయం, సొంత ఫోన్. ఆ రెండూ అన్నదమ్ములకు దక్కినంతగా అక్కచెల్లెళ్లకు దక్కనప్పుడు, అందరికీ సమానంగా అందవలసిన పాఠమే అసమానతను పెంచే ప్రమాదం ఉన్నది.

మామూలు ఫోన్‌తోనూ సాధ్యమే

ఈ సందర్భంగా ఆశా కార్యకర్తల కోసం బీబీసీ మీడియా యాక్షన్ రూపొందించిన 'మొబైల్ అకాడమీ' అనుభవం పరిశీలించదగినది. 2012లో బీహార్‌లో ఆరంభమైన ఈ శిక్షణను 2016 జనవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ జాతీయ స్థాయిలో చేపట్టినది. దీనికి స్మార్ట్‌ఫోన్ గాని, ఇంటర్నెట్ గాని అవసరం లేదు. మామూలు ఫోన్ నుండి కాల్ చేస్తే పాఠం వినిపిస్తుంది. మొత్తం 240 నిమిషాల కోర్సును 11 అధ్యాయాలుగా విభజించి, ప్రతి అధ్యాయం చివర ప్రశ్నలు పొందుపరిచారు. కార్యకర్త తనకు తీరిక దొరికినప్పుడు, ఆగిన చోటు నుండి కొనసాగించవచ్చు. స్వీయగతి అభ్యసనం పరికరం ఖరీదుపై కాక, పాఠం అమరికపై ఆధారపడి ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

ఉద్యోగుల సామర్థ్యాల పెంపు కోసం 'మిషన్ కర్మయోగి'ని కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న ఆమోదించినది. దానిలో భాగమైన ఐగాట్ కర్మయోగి వేదికతో అధికారులు సైతం ఫోన్‌లో చదివే అభ్యాసకులయ్యారు. 2024 అక్టోబరులో నిర్వహించిన జాతీయ అభ్యసన వారోత్సవంలో ప్రతి ఉద్యోగి కనీసం నాలుగు గంటలు అభ్యసనానికి కేటాయించాలని లక్ష్యంగా నిర్దేశించారు. సమయాన్ని ప్రత్యేకంగా కేటాయించడం ఇందులో అనుసరణీయమైన అంశం. పని వేళలలో చోటు కల్పించని శిక్షణ, రాత్రి ఇంటి పనులు ముగిశాక చేయవలసిన అదనపు భారంగా మారుతుంది. మహిళా ఉద్యోగులపై ఈ భారం మరింత ఎక్కువ.

శాఖలు శిక్షణను రూపొందించే సమయంలో ఈ క్రింది అంశాలపై దృష్టి సారించడం ప్రయోజనకరం:

1. పాఠాలు తెలుగులో, చిన్న భాగాలుగా, డౌన్‌లోడ్ చేసుకొనే వీలుతో ఉండాలి.
2. ప్రతి భాగానికి ప్రశ్నలు ఉండాలి. తప్పు జవాబుకు కారణం అక్కడే వివరించాలి.
3. వెనుకబడిన వారిని గుర్తించి ఫోన్‌లో పలకరించే బాధ్యతను క్లస్టర్ స్థాయిలో ఒకరికి అప్పగించాలి.
4. సొంత ఫోన్ లేని వారికి బడిలోగాని, గ్రంథాలయంలోగాని పరికరాలను అందుబాటులో ఉంచాలి.
5. పిల్లల వివరాల సేకరణలో జాగ్రత్త వహించాలి. 18 ఏళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం నిర్దేశించినది.

ఇటువంటి కార్యక్రమాల ప్రగతిని సమీక్షించేటప్పుడు, వార్తగా అందించేటప్పుడు నమోదుల సంఖ్య ఒక్కటే కొలమానం కారాదు. ఎందరు పూర్తి చేశారు, పూర్తి చేసినవారిలో బాలికలు, మహిళలు ఎందరు, నేర్చుకొన్నది నెల తరువాత కూడా గుర్తు ఉన్నదా, తరగతి గదిలో బోధన మారినదా అన్న ప్రశ్నలకు జవాబు లభించినప్పుడే అంకెలకు అర్థం ఏర్పడుతుంది.

ఫోన్ పాఠాన్ని ఎంత దూరమైనా మోయగలదు. దానిని చదివే తీరిక, చదవాలన్న ఆసక్తి, సందేహం వస్తే అడిగే తోడు మాత్రం వ్యవస్థ కల్పించవలసినవే. వీటిని కల్పించినప్పుడు మారుమూల తండాలోని విద్యార్థినికి, ఏకోపాధ్యాయ పాఠశాలలోని ఉపాధ్యాయునికి, ఉపకేంద్రంలోని ఆరోగ్య కార్యకర్తకు అరచేతిలోని పరికరం నిజమైన పాఠశాల కాగలదు.